పుస్తకాల పడవ ఆగే రేవులో

మా శాఖా గ్రంథాలయం సాయంత్రం తెరిచే వేళకు ముందే వచ్చి మెట్ల మీద కూర్చునే పిల్లలు ఏడెనిమిది మంది ఉన్నారు. అందరూ ఏదో ఒక ఉద్యోగ పరీక్షకు చదువుతున్నవాళ్లే. పోయిన మంగళవారం అయిదు దాటాక కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయేసరికి ఒక్కొక్కరే వరండాలోకి వచ్చారు. డీఎస్సీకి చదువుతున్న అబ్బాయి చరిత్ర పుస్తకంలో వేలు పెట్టుకుని అలాగే బయటికి వచ్చి, "మేడమ్, మీకు ఏ కాలంలో బతకాలని ఉంటుంది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న అమ్మాయి రాయలవారి కాలం అంది. ఇంకో అబ్బాయి శాతవాహనుల కాలం అన్నాడు. అమరావతి స్తూపం మీద శిల్పులు సున్నపురాతిని చెక్కుతుంటే పక్కన కూర్చుని చూడాలని వాడి కోరిక. మంచి కోరికే. నా వంతు వచ్చాక, "1935 అక్టోబరు, కొల్లూరు వెళ్లే కాలువ గట్టు" అన్నాను. అందరూ నా మొహం వంక చూశారు. అంతలో కరెంటు వచ్చింది. పరీక్ష దగ్గరపడినవాళ్లు, ఆగలేదు, లోపలికి వెళ్లిపోయారు. చెప్పాల్సినది నా దగ్గరే ఉండిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను గ్రంథపాలకురాలిగా చేరి ఇరవై రెండేళ్లయింది. కాబట్టి ఏ కాలం గురించి విన్నా నాకు ముందు వచ్చే ఆలోచన ఒక్కటే: అప్పుడు పుస్తకం ఎవరి చేతిలో ఉండేది? రాయలవారి కాలంలో కావ్యం తాటాకుల మీద ఉండేది. గంటంతో ఒక ప్రతి రాయడానికి నెలలు పట్టేది. అది ఆస్థానంలోనో, మఠంలోనో, పండితుడి ఇంటి అటక మీదో ఉండేది. అంత గొప్ప కాలంలోనూ మా అమ్మమ్మలాంటి మనిషి దగ్గరికి పుస్తకం వచ్చే దారి నాకు కనిపించదు. అందుకే మనసు అక్కడ నిలవదు.

నా మనసు నిలిచేది ఇరవయ్యో శతాబ్దపు మొదటి నలభై ఏళ్ల మీద. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. నిజాం రాజ్యంలో చదువూ కొలువూ ఉర్దూలో సాగుతున్న రోజుల్లో, తెలుగు పుస్తకాలకు ఒక ఇల్లు కావాలని కొమర్రాజు లక్ష్మణరావుగారూ, రావిచెట్టు రంగారావుగారూ, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారూ పూనుకున్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. 1906లో కొమర్రాజువారి పూనికతోనే విజ్ఞాన చంద్రికా మండలి మొదలైంది. చరిత్ర, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం లాంటివి తెలుగులో చదువుకోవాలన్నది వారి పట్టుదల. ఇప్పుడు అది మామూలు మాటలా వినిపిస్తుంది. అప్పటికి ఆ శాస్త్రాలలో సగం మాటలకు తెలుగు పేర్లే లేవు, రాసేవారు మాటలు తయారు చేసుకుంటూ రాయాలి.

1914 ఏప్రిల్ నెలను తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఒకటో తేదీన మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆంధ్రపత్రికను దినపత్రికగా మొదలుపెట్టారు. పదో తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఊరూరి గ్రంథాలయాలవాళ్లూ మొదటిసారి ఒకచోట కూర్చున్నారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. వాళ్లందరినీ పోగుచేసింది అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1890 జులైలో పుట్టిన మనిషి, అంటే అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. మా మెట్ల మీద కూర్చునే పిల్లల వయసు.

ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిన్నప్పటి నుంచీ రేచీకటి ఉన్నవారు. చూపు తగ్గిపోతూ ఉన్న మనిషిని పుస్తకాల సభకు పెద్దగా కూర్చోబెట్టుకున్నారు ఆ రోజు. అంతకు అయిదేళ్ల ముందే రాజమహేంద్రవరంలో దళిత పిల్లల కోసం బడి పెట్టినవారు ఆయన. తనకు అక్షరం కనబడటం ఎంత కష్టమో తెలిసినవాడికే, అక్షరం దగ్గరికి రానివ్వని పిల్లల సంగతి పట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహే, చరిత్ర పుస్తకంలో ఉండదు.

ఆ తర్వాత ఊరూరా వాచనాలయాలు లేచాయి. 1918లో వేటపాలెంలో కొందరు యువకులు మొదలుపెట్టినదే ఇప్పటి సారస్వత నికేతనం. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. నేను వెళ్లినప్పుడు మాత్రం కర్ర కంటే పాత పత్రికల బైండ్లే ఎక్కువసేపు చూశాను. చుట్టూ మగ్గాల ఊరు అది. పగలంతా మగ్గం మీద కూర్చునేవాళ్లు ఉన్న చోట నూరేళ్ల నాటి పేపర్లు తేదీ వారీగా కట్టి ఉంచారు. అట్ట తెరవగానే వచ్చే ఆ వాసన, పాత కాగితమూ మైదా జిగురూ వేపాకూ కలిసిన వాసన, నాకు గుడిలో కర్పూరం వాసనతో సమానం. పేజీ అంచు వేలికి తగిలితే పొడిగా రాలుతుంది. అందుకని రెండు చేతులతో, అరచేతుల మీద మోసినట్టుగా తిప్పాలి.

ఇవన్నీ జరుగుతున్నప్పుడు చట్టం లేదు. ఈరోజు మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల పేరున సెస్సుగా పోతుంది. మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయాల చట్టం వచ్చిందే 1948లో, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో. అంతకు ముందు ఉన్నవి చందాలు, ఎవరో ఇచ్చిన గది, ఎవరో ఇచ్చిన బీరువా, సాయంత్రం లాంతరు వెలిగించే మనిషి. చదువు వచ్చిన ఒకరు పేపరు పైకి చదువుతుంటే చుట్టూ పదిమంది అరుగు మీద కూర్చుని వినేవారు.

నిజాం రాజ్యంలో ఇంకా కష్టం. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. 1921లో హైదరాబాదులో ఒక సభలో ఒకాయన తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అలాంటి నేల మీద 1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టారు. హోటల్లో పనిచేసి బతికిన మనిషి ఆయన. పుస్తకాలు అచ్చువేయించి, భుజాన మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. ఆ 'దేశోద్ధారక' అన్న బిరుదు ఎవరిదో తెలుసు కదా, ఆంధ్రపత్రిక నాగేశ్వరరావుగారిది. మద్రాసులో పత్రిక పెట్టిన మనిషి పేరును సికింద్రాబాదులో ఒక కష్టజీవి తన పుస్తకాల మీద అచ్చు వేసుకున్నాడు. రెండు రాజ్యాల మధ్య సరిహద్దు ఉంది, పుస్తకాలు ఆగలేదు.

ఇక నా కాలువ దగ్గరికి వస్తాను.

1935 అక్టోబరులో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టాలో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువలో పడవ గ్రంథాలయం నడిపారు. ప్రయాణికులు ఎక్కే పడవే, అందులో పుస్తకాలు. ఎక్కినవాళ్లు ప్రయాణంలో చదువుకోవచ్చు, గట్టు వెంట ఊళ్లవాళ్లు పుస్తకం తీసుకుని మళ్లీ పడవ వచ్చినప్పుడు తిరిగి ఇవ్వవచ్చు. ఉద్యోగంలో చేరాక విజయవాడలో గ్రంథాలయ శాస్త్రం సర్టిఫికెట్ కోర్సు చదివేటప్పుడు మా మాస్టారు ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే అది మా అమ్మమ్మ ఊరి కాలువ.

మా వైపు ఇప్పుడు కాలువలో పడవలు లేవు. అప్పుడు బండి, పడవ, కాలినడక, ఇవే. వాలుకు పోయేటప్పుడు గడకర్ర చాలు. ఎదురెక్కాలంటే ఇద్దరు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగాలి. తాడు భుజానికి ఆనే చోట తువ్వాలు మడిచి వేసుకునేవారని మా తాతయ్య చెప్పేవాడు. దుగ్గిరాల లాకుల దగ్గర పడవ ఆగేది. లాకులంటే తెలియని పిల్లలు ఉన్నారు కాబట్టి చెబుతాను. ఎగువ కాలువ మట్టం ఎక్కువ, దిగువ మట్టం తక్కువ. నడుమ గదిలాంటి చోట పడవను నిలిపి, వెనక తలుపులు మూసి, ముందు తలుపులకున్న తూములు మెల్లగా ఎత్తుతారు. గదిలో నీళ్లు తగ్గుతూ ఉంటే పడవ మనుషులతో సహా దిగుతుంది. రెండు మట్టాలూ ఒకటయ్యాకగానీ ముందు తలుపులు తెరుచుకోవు. అంతదాకా పడవలో ఉన్నవాళ్లకు చేయగలిగిన పని ఏమీ లేదు. గోడల పాచి చూస్తూ కూర్చోవాలి, లేదా చేతికి అందినది చదవాలి.

పాతూరివారు ఈ లెక్క వేసుకుని ఉండాలని నా నమ్మకం. నెల కూడా చూడండి. అక్టోబరు అంటే డెల్టాలో నాట్లు అయిపోయి వరి పొట్ట మీద ఉండే రోజులు. కోతలకు ఇంకా సమయం ఉంది. మగవాళ్లు గట్ల మీద, అరుగుల మీద కాస్త తీరికగా కనిపించేది ఆ నెలలోనే. అదే ఎండాకాలం అయితే కాలువలు కట్టేస్తారు, పడవే నడవదు. పుస్తకం ఎప్పుడు ఏ దారిలో వస్తే మనిషికి చేరుతుందో తెలిసినవాళ్ల పని ఇది. ఇరవై రెండేళ్లలో నేను నేర్చుకోవాలని ప్రయత్నించింది కూడా ఇదే. పరీక్షల ముందు పుస్తకాలు బయటి బల్ల మీద పెట్టడం, పింఛను ఇచ్చే రోజుల్లో పెద్ద అక్షరాల పుస్తకాలు తలుపు దగ్గర పెట్టడం, అంతవరకే చేయగలిగాను.

మా అమ్మమ్మకు 1935లో ఎనిమిదేళ్లు. గేదెలు తోలుకుని కాలువ గట్టుకు వెళ్లేది. బడి మొహం చూడలేదు. అక్షరం రాదుగానీ పుస్తకం కింద పడితే తీసి కళ్లకు అద్దుకునేది. నేను గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు, "అన్ని పుస్తకాలూ నీ దగ్గరే ఉంటాయా?" అని అడిగింది. ఉంటాయని చెప్పాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. ఆమె పోయిన రెండేళ్లకు మాస్టారి నోట ఆ రెండు వాక్యాలు విన్నాను. బతికి ఉండగా తెలిసి ఉంటే, పుస్తకాలున్న పడవ ఒకటి నీ ముందు నుంచి పోయేదా అని అడిగేదాన్ని. అడగలేకపోయాను.

ఆ కాలాన్ని కోరుకోవడం నాకు అంత సులువు కాదు. 1931 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ముగ్గురు. అక్కడ పుట్టి ఉంటే నేను ఆ మిగిలిన తొంభై ఏడుగురిలోనే ఉండేదాన్ని. పన్నెండేళ్లకు పెళ్లి చేసి పంపించేవారు. వాచనాలయం గది ఏ వీధిలో ఉంటే ఆ వీధిలో అడుగు పెట్టగలిగినవాళ్లే లోపలికి వెళ్లగలిగేవారు. పల్లెల్లో రేవులు కూడా ఎవరివి వారివే. పుస్తకాల కోసం ప్రాణం పెట్టిన ఆ పెద్దలందరి మీద నాకు ఎంత భక్తి ఉన్నా ఈ మాట దాచిపెట్టి రాయలేను. పడవ నాకు నచ్చడానికి ఇదే కారణం. గది ఒక వీధికే కట్టుబడి ఉంటుంది. పడవ అన్ని రేవుల ముందు నుంచీ పోతుంది. ఏ రేవులో ఆపాలో నడిపేవాళ్ల మనసును బట్టి ఉంటుంది.

నన్ను ఆ కాలానికి పంపితే పెద్దల పక్కన వేదిక మీద కూర్చోవాలని లేదు. ఇప్పుడు వచ్చిన చదువుతో, ఇప్పటి వయసుతో ఆ గట్టు మీద ఉండాలి. ఎనిమిదేళ్ల పిల్ల గేదెల వెనక వస్తుంది. పడవ ఆగుతుంది. ఒక పుస్తకం తీసుకుని తుమ్మచెట్టు కింద కూర్చుని పైకి చదువుతాను. వినాలనుకుంటే వింటుంది. గేదెలు దూరంగా పోతే లేచి వెళ్తుంది, పేజీలో పుల్ల పెట్టి ఆగుతాను. మర్నాడు ఆమె వేలితోనే ఇసుకలో 'అ' రాయిస్తాను.

ఏ పుస్తకం చదువుతానో కూడా నాకు తెలుసు. మా గ్రంథాలయంలో అన్నిటికంటే పాత పుస్తకం, విజ్ఞాన చంద్రికా మండలి వేసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. రాసినది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. బానిసలను విడిపించిన మనిషి కథను 1907లో తెలుగువాళ్లకు చెప్పిన ఆయనను, మరుసటి ఏడాదే పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం మోపి జైల్లో పెట్టారు. మూడేళ్లు. బయటికి వచ్చాక వయోజన విద్య కోసం, గ్రంథాలయాల కోసం పనిచేశారు. గ్రంథాలయ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. పాతూరివారు విజయవాడలో పెట్టిన సర్వోత్తమ గ్రంథాలయానికి ఆ పేరు ఆయనదే.

మా ప్రతి ఎప్పుడో మూతపడిన ఒక పల్లె వాచనాలయం నుంచి వచ్చింది. లోపలి పేజీ మీద ఊదారంగు గుండ్రటి ముద్ర ఉంది, ఊరి పేరు చెరిగిపోయింది. వెనక అట్ట లోపల గళ్లు గీసిన కాగితం అంటించి ఉంది. అందులో తీసుకున్నవారి పేరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. కలంతో రాసినవి, సిరా గోధుమరంగుకు తిరిగింది. ఇరవై ఆరు పేర్లు. నేను నాఫ్తలీన్ ఉండలు మార్చినప్పుడల్లా ఆ కాగితం ఒకసారి చూసుకుంటాను. ఇరవై అయిదు మగవాళ్లవి. పంతొమ్మిదో వరుసలో ఉన్న పేరును పురుగు తినేసింది, చివరి 'మ్మ' మాత్రం మిగిలింది.

బుధవారం సాయంత్రం ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. "1935 అన్నారు కదా మేడమ్, ఎందుకని?" అని తనే అడిగాడు. బీరువా తాళం తీసి ఆ పుస్తకం చేతికిచ్చి, వెనక అట్ట తెరవమన్నాను. వరుసలో వేలు పెట్టి కిందికి దిగుతూ పంతొమ్మిది దగ్గర ఆగాడు. తీసుకున్నది 12-3-37. ఇచ్చినది 23-3-37.

"పదకొండు రోజులు మేడమ్. మొత్తం చదివి ఉంటుందా?"

ఆ ప్రతిని ఇంటికి ఇవ్వకూడదు. నా బల్ల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గ్రాంథికం కదా, మొదటి రెండు పేజీలు తడుముకున్నాడు, తర్వాత సాగింది. ఏడింటికి నేను కిటికీలు మూయడం మొదలుపెట్టేసరికి లింకన్ ఇంకా పల్లెలోనే, గుడిసెలోనే ఉన్నాడు. పేజీలో పెట్టుకోవడానికి ఏమైనా ఇమ్మని అడిగాడు. పాత గడువు చీటీ ఒకటి చించి ఇచ్చాను.